వెనకున్న ఇంటికి లైసెన్సు

మా ఊళ్ళో ట్రాక్టర్‌కి అద్దం ఉండేది తల దువ్వుకోవడానికి. కొన్నప్పుడు రెండు వైపులా రెండు వచ్చాయి. ఒకటి వేపకొమ్మ తగిలి పగిలిపోయింది. రెండోదాన్ని మా అన్న విప్పి కొట్టంలో మేకుకి తగిలించాడు. దాని ముందు నిలబడి ఇంటిల్లిపాదీ పాపిడి తీసుకునేవాళ్ళం. బండి వెనక ఏముందో చూడ్డానికి మనిషికి మెడ ఉంది కదా, అద్దమెందుకని మా లెక్క.

ఆ మెడ తిప్పడంలో నన్ను మించినవాడు మా చుట్టుపక్కల లేడని నాకు గట్టి నమ్మకం. గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పలే అనుకోండి, ఉన్న గొప్ప చెప్పుకోకపోతే ఎట్లా? వడ్ల మిల్లు పక్కన ఒక సందు ఉండేది. ట్రాలీకి అటు జానెడు, ఇటు జానెడు. ట్రాక్టర్‌ని ముందుకు నడపడం ఎవరికైనా వస్తుంది. వెనక తగిలించిన ట్రాలీని ఆ సందులోకి తోయడంలోనే ఉంది పని. స్టీరింగు ఇటు తిప్పితే ట్రాలీ అటు పోతుంది. కాస్త ఎక్కువ తిప్పామా, కత్తెరలా ముడుచుకుంటుంది. నేను సీటు మీద వెనక్కి తిరిగి, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి మడ్‌గార్డు మీద పెట్టి, గోడకి గీత పడకుండా లోపలికి పంపేవాణ్ణి. పక్క ఊరి ట్రాక్టర్లు ఇరుక్కుంటే కూడా నన్నే పిలిచేవారు.

ట్రాలీ వెనక మా బావ నిలబడేవాడు. మేనత్త కొడుకు. నాకంటే ఆరు నెలలు పెద్ద కాబట్టి బావ, మిగతా అన్ని విషయాల్లో ‘వాడు’. వాడి పని, “రానీ... రానీ... జర ఎడమకు... ఇగ ఆపు!” అని అరవడం. మా వైపు ఏ బండి వెనక్కి వస్తున్నా దాని వెనక ఇట్లా ఒక మనిషి ఉండాల్సిందే. డ్రైవర్ ఒక పక్క చూస్తే ఆ మనిషి రెండో పక్క చూస్తాడు. అది ఎవరూ రాయని రూలు.

తొంభైల మొదట్లో నేనూ బావా ఒకే ఏజెంటు ద్వారా ఖతర్ వచ్చాం. ఊళ్ళో వాళ్ళకి మేం దుబాయ్‌లో ఉన్నట్టే. ఖతర్ అని చెప్తే, “అదీ దుబాయ్‌లనే కదా?” అనేవారు. ఇద్దరిదీ లేబర్ వీసా. మెసయీద్‌లో కంపెనీ క్యాంప్. బావకి తాపీ పని వచ్చు కాబట్టి గోడల దగ్గర నిలబెట్టారు. నా చేతికి పార ఇచ్చారు. వడ్ల మిల్లు సందులో ట్రాలీ దూర్చిన చేతికి పార! మూడేళ్ళు కంకర ఎత్తాను. ఆ మూడేళ్ళూ పక్కనుంచి పోయే ప్రతి డ్రైవర్నీ చూసి లోలోపల మండిపోయేవాణ్ణి. వాడి రివర్సు చూసి, “వీడా డ్రైవర్!” అని బావతో అనేవాణ్ణి. నాకు ముక్కు మీద కోపమని బావకి తెలుసు కాబట్టి నవ్వి ఊరుకునేవాడు.

నాలుగో ఏడు చిన్న బండ్ల లైసెన్సు తీసుకున్నాను. అందులో రివర్సు ఉన్నా వెనక తగిలించిన బండి ఏమీ ఉండదు కాబట్టి, మెడ తిప్పి చూసినా ఎవరూ ఏమీ అనలేదు. కంపెనీ యజమాని, మేం అర్బాబ్ అనేవాళ్ళం, నన్ను తన ఇంటి బండికి డ్రైవర్‌గా పెట్టుకున్నాడు. పొద్దున మెసయీద్ క్యాంప్ నుంచి సిటీలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఉన్న ఆఫీసుకి ఫైళ్ళు తీసుకెళ్ళడం, సాయంత్రం తిరిగి రావడం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మొదటి రోజు క్యాంప్ గేటు దగ్గర బావ నన్ను చూసి సలాం కొట్టాడు. ఎగతాళికే కొట్టాడు. నేను మాత్రం నిజం సలామనుకునే తీసుకున్నాను.

అర్బాబ్‌కి ఒక కారవాన్ ఉండేది. అంటే చక్రాల మీద ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, కిటికీలకి పూల పరదాలు. చలికాలం వస్తే దాన్ని పెద్ద జీపుకి తగిలించుకుని మెసయీద్ దాటి, సముద్రం పక్కన ఇసుక దిబ్బల్లోకి లాక్కెళ్ళి, వారాల తరబడి అక్కడే ఉండేవారు. ఇదంతా అర్బాబ్ వాళ్ళమ్మ కోసం. చెవులు సరిగా వినపడని పెద్దావిడ. గుడారంలో పుట్టిందట. ఏడాదికోసారి ఆ ఇసుక మీద కూర్చుని కాఫీ కాచుకోకపోతే ఆమెకి చలికాలం వచ్చినట్టే ఉండదని అర్బాబ్ చెప్పేవాడు.

అంతకుముందు కారవాన్ లాగిన డ్రైవర్ ఆ ఏడు వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. అర్బాబ్ నన్ను పిలిచి, ఉర్దూ అరబ్బీ కలిపి, “నువ్వు లాగగలవా?” అని అడిగాడు.

“ఇది నాకు చిన్నప్పటి పని” అన్నాను. లైసెన్సు సంగతి ఆయన అడగలేదు, నేను ఆలోచించలేదు. లాగడం వస్తే చాలదా?

మెసయీద్ ఇంకా రాలేదనగా రోడ్డు మీద పోలీసులు ఆపారు. వయసులో చిన్నవాడైన ఒక షుర్తా, అంటే పోలీసు, నా లైసెన్సు తీసుకుని చూశాడు. తర్వాత కారవాన్ ముందుకు వెళ్ళి, హుక్కు పైన బిగించిన చిన్న ఇనుప పలక మీద మట్టి తుడిచి చదివాడు. ఆ కారవాన్‌ని నేను పదిసార్లు కడిగాను. అందులో ఒక్కసారి కూడా ఆ పలక మీద ఏముందో చూడలేదు. బండి ఎంత బరువో దాని మీద రాసి ఉంది.

షుర్తా నా లైసెన్సు చూపించి నెమ్మదిగా ఉర్దూలో చెప్పాడు. “ఇది ముందున్న బండికి సరిపోతుంది. వెనకున్న ఇంటికి ఏది?”

అతనే విడమరిచి చెప్పాడు. చిన్న పడవనో, సామాన్ల పెట్టెనో లాగితే ఈ లైసెన్సుతో నడుస్తుంది. బరువు హద్దు దాటితే అది సరదాకి లాగే ఇల్లైనా సరే, చట్టానికి ట్రైలరే. దానికి ట్రైలర్ లైసెన్సు వేరే ఉండాలి, దాని పరీక్ష వేరే పాసవ్వాలి. వెనక కారులో వస్తున్న అర్బాబ్ దిగి వచ్చి మాట్లాడాడు. షుర్తా ఆయనతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు, కానీ ఒక్క అంగుళం కదల్లేదు. కారవాన్ విప్పి రోడ్డు పక్కన పెట్టించాడు. లైసెన్సున్న మనిషి వచ్చేదాకా అది అక్కడే ఉండాలన్నాడు.

మధ్యాహ్నం ఎండ. పెద్దావిడ ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా సర్దుకుని, మడత కుర్చీ వేసుకుని రోడ్డు పక్కన తన ఇంటి నీడలో కూర్చుంది. పోయే కార్లన్నీ నెమ్మదించి చూస్తున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నన్ను పిలిచి, ఫ్లాస్కులోంచి గావా, అదే వాళ్ళ కాఫీ, పోసి ఇచ్చి, “మాలేష్, మాలేష్” అంది. పర్వాలేదని. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అర్బాబ్ చెప్పాల్సింది చెప్పాడు. “వచ్చే చలికాలానికి ట్రైలర్ లైసెన్సు నీ చేతిలో ఉండాలి. లేకపోతే ఉన్నవాణ్ణి తెచ్చుకుంటాను. నాకు ఇద్దరు డ్రైవర్లు అక్కర్లేదు. నువ్వు సైటుకి పో.”

సైటు అంటే మళ్ళీ పార. స్టీరింగా పారా అన్నది ఒక ఏడాదిలో తేలిపోవాలి. అయినా నాకు భయం వెయ్యలేదు. పరీక్షలో ముఖ్యమైంది రివర్సేనని విన్నాను. రివర్సులో నన్ను ఫెయిల్ చేసే మొనగాడు ఎవడు?

మొదటి పరీక్ష ఎండాకాలం ముందు. లారీ, దాని వెనక ట్రైలర్. డబ్బాలతో కట్టిన సందులోకి వెనక్కి తోయాలి. పక్క సీట్లో పరీక్ష పెట్టే అధికారి కూర్చున్నాడు. నెరిసిన మీసం, మాట తక్కువ. గేరు వేశాను. అలవాటు ప్రకారం తలుపు తెరిచి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, సగం లేచి వెనక్కి చూస్తూ తోయడం మొదలుపెట్టాను. ట్రైలర్ సూదిలోకి దారం ఎక్కినట్టు సందులోకి పోతోంది. అధికారి “ఆపు” అన్నాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. దిగిపొమ్మన్నాడు.

“లోపలికి పోతోంది కదా సార్!”

“తలుపు తీసి నడిపావు. ఫెయిల్.”

రెండోసారి తలుపు మూసే ఉంచాను. కిటికీలోంచి తల, భుజం బయటికి పెట్టి వెనక్కి చూస్తూ తోశాను. మళ్ళీ “ఆపు” అన్నాడు. ఈసారి నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క డబ్బాకీ తగల్లేదు, చూడండి అని చెయ్యి చూపించి గొంతు పెంచాను. ఆయన గొంతు పెంచలేదు.

“నువ్వు ఎడమ పక్క చూస్తున్నావు. కుడి పక్క ఎవరు చూస్తారు?”

“ఇంకో మనిషి ఉంటాడు” అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. మా ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్తారు.

ఆయన పక్క సీట్లోంచి నన్నే చూశాడు. “ఎక్కడున్నాడు?”

లేడు. ఆ రోజు బావ క్యాంప్‌లో గోడ కడుతున్నాడు.

“అద్దాలు రెండున్నాయి. అవి నేర్చుకుని రా. ఇంకొక్కసారి చూస్తాను” అని కాగితం మీద గీత కొట్టాడు.

క్యాంప్‌కి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. బావ మంచం పక్కన కూర్చుని, “ఏమాయె బామ్మర్దీ, అద్దంల మొఖం సూస్కుంటెనే లైసెన్సు ఇస్తరా? గట్లయితే నాకెప్పుడో రావాలె గద” అన్నాడు. ఎప్పుడూ నవ్వేవాణ్ణి, ఆ రోజు చెప్పు విసిరాను. తప్పుకుని, తిరిగి తెచ్చి మంచం కింద పెట్టి పోయాడు.

మా క్యాంప్‌లో పెషావర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఇనుప కడ్డీలు మోసే పొడుగు ట్రైలర్ నడిపేవాడు. పఠాన్ అన్న అనేవాళ్ళం. ఎవరితోనూ ఎక్కువ కలిసేవాడు కాదు. ఆయన దగ్గరికి వెళ్ళి అడగడానికి నాకు పది రోజులు పట్టింది. నేర్పమని ఒకరిని అడగడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టే. చివరికి ఒక శుక్రవారం పొద్దున ఆయన టైర్లు చూసుకుంటుంటే పక్కన నిలబడ్డాను. విషయమంతా విని, “తోసి చూపించు” అన్నాడు.

కంపెనీ యార్డులో, ప్రహరీ లోపల, జీపుకి కారవాన్ తగిలించాం. ఖాళీ డ్రమ్ములు పెట్టి సందు చేశాం. ఎక్కగానే నా తల కిటికీలోంచి బయటికి పోయింది. ఆయన పక్క సీట్లోంచి చెయ్యి చాపి నా చొక్కా కాలర్ పట్టుకుని లోపలికి లాగాడు.

“ముందుకి కూర్చో. అద్దం చూడు.”

ముందుకి కూర్చుని అద్దంలో చూస్తే నాకు ఏమీ రాలేదు. నిజంగా ఏమీ రాలేదు. పదిహేనేళ్ళు ట్రాలీ తోసిన చేతులు స్టీరింగు మీద తికమకపడ్డాయి. కుడికి పోవాల్సింది ఎడమకి పోయింది. కారవాన్ ముడుచుకుని డ్రమ్ముని పడేసింది. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. ఊళ్ళో నేను ఒళ్ళంతా వెనక్కి తిప్పి కూర్చునేవాణ్ణి. అట్లా తిరిగినప్పుడు నా కుడి ఎడమలు కూడా తిరిగిపోతాయి. నా చేతులు నేర్చుకున్నది వెనక్కి తిరిగిన మనిషి విద్య. ముందుకి కూర్చోబెడితే ఆ విద్య మొత్తం తలకిందులైంది. అంటే నాకు వచ్చనుకున్న ఒక్క పనీ మళ్ళీ మొదట్నించీ నేర్చుకోవాలి. అది ఒప్పుకోవడానికి రెండు శుక్రవారాలు పట్టింది. ఆ రెండు వారాలూ పఠాన్ అన్నతోనూ, డ్రమ్ములతోనూ, జీపుతోనూ పోట్లాడాను.

మూడో శుక్రవారం నేనే నా తువ్వాలు తీసి, చంకల కిందుగా పోనిచ్చి, సీటుకి కట్టేసుకున్నాను. మెడ తిరిగినా ఒళ్ళు తిరగకుండా. పఠాన్ అన్న అది చూసి మొదటిసారి నవ్వాడు. అప్పుడు చెప్పాడు ఆయన లెక్క. “ఏ అద్దంలో ట్రైలర్ ఎక్కువ కనబడుతోందో, ఆ అద్దం వైపే స్టీరింగు కొంచెం తిప్పు. నిటారుగా వస్తుంది. ఎక్కువ వద్దు. కొంచెం.” అంతే. ఇంత చిన్న మాట. దాన్ని చేతుల్లోకి దింపడానికి మూడు నెలలు పట్టింది.

శుక్రవారం యార్డులో ఇదొక తమాషా అయిపోయింది. మా జిల్లా వాళ్ళంతా బట్టలుతుక్కుని, తలలు తడిగా వచ్చి ప్రహరీ మీద కూర్చునేవారు. డ్రమ్ములకి పేర్లు పెట్టారు. ఇది మిల్లు గోడ, ఇది పటేల్ ఇంటి అరుగు. అరుగుకి తగిలితే, “పటేలు బయటికొస్తుండు, ఉరుకు!” అని అరిచేవారు. బావ మాత్రం ప్రహరీ మీద కూర్చోలేకపోయేవాడు. కారవాన్ కదలగానే వాడి కాళ్ళు ఆగవు. వెనక్కి పోయి నిలబడి, “రానీ... రానీ...” అని మొదలుపెట్టేవాడు. ఆ గొంతు వినగానే నా మెడ దానంతటదే తిరిగేది.

పఠాన్ అన్న ఒకసారి బండి ఆపించి దిగి, బావని చెయ్యి పట్టుకుని పక్కకి తెచ్చి నిలబెట్టాడు. మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మీ వాడు మంచివాడే. కానీ ఒకటి గుర్తుంచుకో. అద్దంలో కనబడ్డ మనిషి కనబడకుండా పోతే, వెళ్ళిపోయాడనుకోకు. నీ వెనకే ఉన్నాడనుకో. బండి ఆపు.”

“ఆపి?”

“దిగి చూడు. సిగ్గేముంది?”

నాకు సిగ్గే. బండి ఆపి దిగి చూసేవాణ్ణి మా ఊళ్ళో డ్రైవర్ అనరు. అయినా ఆయన చెప్పినట్టే చేశాను. ప్రతిసారీ బావ మాయమైన చోట ఆపాను, దిగాను, చూశాను. ప్రతిసారీ బావ అక్కడే, కారవాన్ వెనక, చేతులు ఊపుతూ ఉండేవాడు. కొన్ని వారాలకి తువ్వాలు అవసరం లేకపోయింది. చివరి నెలలో పఠాన్ అన్న తన పొడుగు ట్రైలర్ కూడా యార్డు లోపల తోయనిచ్చాడు. అది ఆయన ఇంకెవ్వరికీ ఇవ్వలేదు. ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

చలికాలం దగ్గరపడుతుండగా మూడో పరీక్ష. అదే అధికారి. ముందు నోటి ప్రశ్నలు. గుర్తులన్నీ చెప్పాను. తర్వాత, “ట్రైలర్‌లో బరువు ఎక్కడ పెడతావు?” అని అడిగాడు. ఇది మాత్రం నాకెవరూ నేర్పలేదు. వడ్ల బస్తాలు ఎత్తిన మనిషిని నేను. “ఇరుసు మీద, రవ్వంత ముందుకి. ముందు ముక్కు బండి మీద కూర్చోవాలి. వెనక బరువు పెడితే తోక ఊపుతుంది, ముందున్న బండిని కూడా ఊపేస్తుంది” అన్నాను. ఆయన కలం ఆపి తలెత్తాడు. నిజంగా తలెత్తాడు, నేను చూశాను.

రివర్సు మొదలైంది. ముందుకి కూర్చున్నాను. ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్ళీ ఎడమ. ట్రైలర్ కుడి అద్దంలో పెరిగింది, కుడికి కొంచెం. సగం పోయిందో లేదో, బయట తన వంతు కోసం వరసలో నిలబడ్డ ఎవరో తెలుగాయన, నా చొక్కా జేబులో తెలుగు కేలండర్ చూశాడేమో, సాయం చేద్దామని గట్టిగా అరిచాడు. “రానీ అన్నా! రానీ... రానీ!”

మెడ నరాలు లాగాయి. తిరుగు తిరుగు అని ఒళ్ళంతా పోరు పెట్టింది. పళ్ళు బిగబట్టి అద్దంలోకి చూశాను. రానీ అన్న మనిషి నాకు అద్దంలో కనబడట్లేదు కాబట్టి బండి ఆపాను. బ్రేకు వేసి, ఆయన ఎక్కడున్నాడో చూసి వస్తానని అధికారిని అడిగాను. దిగి చూశాను. గీత అవతల, దూరంగా నిలబడి ఉన్నాడు. తిరిగి ఎక్కి మిగతా సగం తోశాను. ఇక ఫెయిలేననుకున్నాను. మధ్యలో ఆపాను కదా.

అధికారి కాగితం మీద రాసి, మడిచి నాకిచ్చాడు. “ఇప్పుడు వచ్చింది” అన్నాడు.

క్యాంప్‌కి ఎట్లా వచ్చానో గుర్తు లేదు, కాళ్ళు నేల మీద ఆనితే కదా. లైసెన్సు చేతికొచ్చాక దాన్ని పఠాన్ అన్నకి చూపించాను. ఆయన చదవలేడు. అయినా అటూ ఇటూ తిప్పి, నా ఫోటో చూసి, “నీ కోపం ఫోటోలో కూడా పడింది” అన్నాడు. బావ దాన్ని లాక్కుని క్యాంప్‌లో గది గదికీ తిప్పాడు. “మావోడు ట్రైలర్ లైసెన్సు కొట్టిండు!” అని అరుస్తూ పోయాడు. వాడికి వచ్చినట్టే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

ఆ చలికాలం మళ్ళీ కారవాన్ తగిలించాను. హుక్కు, గొలుసు, లైట్లు, బ్రేకు. జీపు అద్దాలకి పొడుగు చేతులున్న పెద్ద అద్దాలు బిగించాను. పోయినసారి ఆపిన చోటే పోలీసులు ఆపుతారని ఆశపడ్డాను. నిజంగా ఆశపడ్డాను. ఆపలేదు. చెయ్యి ఊపి పొమ్మన్నారు. నాకు కోపమొచ్చింది. ఏడాది కష్టపడి తెచ్చుకున్నది అడిగి చూడరా? నేనే బండి నెమ్మది చేసి, కిటికీలోంచి లైసెన్సు చూపించాను. అక్కడున్న షుర్తా, పోయినేడాది అతను కాదు, అర్థంకాక నవ్వి, “యల్లా, యల్లా, పద” అన్నాడు.

ఇసుక దిబ్బల దగ్గరికి చేరాం. సముద్రం గాలి తగలకుండా కారవాన్‌ని రెండు దిబ్బల మధ్య, తలుపు ఎండ వైపు ఉండేట్టు వెనక్కి పెట్టమన్నాడు అర్బాబ్. ఆయన ఎడమ పక్కగా, కాస్త దూరంలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఆయనా చెప్పులు విప్పేశాడు, ఆ మెత్తటి ఇసుక మీద అందరూ విప్పేస్తారు. చక్రాలు గట్టి నేల మీద ఉన్నాయి. నెమ్మదిగా తోస్తున్నాను. ఎడమ అద్దంలో అర్బాబ్. కుడి అద్దంలో ఇసుక, కారవాన్ అంచు, ఇసుక.

కుడి అద్దంలో నల్లటి అబాయా అంచు కనబడింది. మళ్ళీ చూసేసరికి లేదు.

ఆపాను. ఆలోచించలేదు, కాలే ఆపింది. అర్బాబ్ “తఆల్, తఆల్, రా!” అని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, ఆయన ఉన్న వైపు నుంచి ఏమీ కనబడదు. తలుపు తీసి దిగి, కారవాన్ చుట్టూ తిరిగి వెళ్ళాను. పెద్దావిడ ముందే ఇసుక మీద దించిన సామాన్ల పెట్టె మీదికి, కారవాన్‌కి వీపు పెట్టి వంగి, కాఫీ కూజా ఉన్న సంచీ కోసం వెతుకుతోంది. ఆమె వీపుకీ కారవాన్‌కీ మధ్య జానెడు ఉందేమో. అది మిల్లు సందులోని జానెడు. ఇంజను చప్పుడు ఆమెకి వినపడలేదు. నా నీడ పడ్డాక తలెత్తి, సంచీ నా చేతికిచ్చి, మొయ్యమని సైగ చేసింది.

అప్పటికి అర్బాబ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మని చూశాడు, ఆ జానెడు చూశాడు. ఆమె మాత్రం కొడుకు ఎందుకట్లా ఆయాసపడుతున్నాడో తెలియక, ఉత్త కాళ్ళతో పరుగేమిటి, ముల్లు గుచ్చుకోదా అన్నట్టు అతని కాళ్ళు చూపించి కోప్పడింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ సంగతి ఎప్పటికీ చెప్పలేదు.

నేను కిటికీలోంచి ఎడమకి తల పెట్టి తోసి ఉంటే? ముచ్చటపడి చూసుకునే నా పాత పద్ధతిలో తోసి ఉంటే? జీపు ఎక్కి స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చున్నాను. అర్బాబ్ జీపు పక్కకి వచ్చాడు. తల మీద కప్పుకున్న తెల్లటి గుత్రా గుడ్డ కొస పట్టుకుని, నా కుడి అద్దం మీద పడ్డ ఇసుకని తుడిచాడు. అటు తిరిగి వచ్చి ఎడమ అద్దం కూడా తుడిచాడు. మిగతా తోసేయమని తల ఊపి, తల్లి చెయ్యి పట్టుకుని నాకు అద్దంలో బాగా కనబడే చోట నిలబడ్డాడు. నా జన్మలో అంత గర్వంగా ఏ బండీ పెట్టలేదు.

ఆ తర్వాతి సెలవుకి నేనూ బావా కలిసే ఊరికి వెళ్ళాం. నా పెట్టెలో పొడుగు చేతులున్న అద్దాలు రెండున్నాయి. మా అన్న వాటిని చూసి, “దుబాయ్ పోయి అద్దాలు తెచ్చినవారా?” అని నెత్తి కొట్టుకున్నాడు. వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుని నేనే పానా పట్టుకుని ట్రాక్టర్‌కి బిగించాను. వడ్ల బస్తాలు దించడానికి మిల్లు సందు దగ్గరికి పోయాం. నేను ముందుకి చూస్తూ కూర్చున్నాను. బావ అలవాటుగా ట్రాలీ వెనక్కి పోయాడు. అద్దంలోంచి మాయమయ్యాడు.

నేను కదలకుండా ఆగాను. ఆ పెద్దావిడ సంగతి వాడికి ఒక్కడికే ఎప్పుడో చెప్పి ఉన్నాను. బావ ట్రాలీ వెనక నుంచి రెండడుగులు పక్కకి, గోడ వైపుకి జరిగి, అద్దంలో నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

“కనవడుతున్ననా బామ్మర్దీ?”

“కనవడుతున్నవ్ బావా. ఇగ రానీ అను.”